కృష్ణకు ఇవతలి చెంచులు: అహోబిలం బంధుత్వం, అరువు తెచ్చుకున్న గీత

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి కనుమతో అయిపోదు. ఆ రోజు అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఒకే పల్లకిలో పారువేటకు బయలుదేరతారు. ముప్ఫైకి పైగా ఊళ్లు తిరిగి, దాదాపు నలభై రోజులకు గానీ గుడి చేరరు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని స్వామే ఊరూరా పిలిచి వస్తాడని జనం చెప్పుకుంటారు. పల్లకి కదిలేటప్పుడు చెంచులు విల్లంబులతో ఎదురై బాణాలు వేయడం ఆనవాయితీ. చెంచులక్ష్మి వాళ్ల ఇంటి ఆడపడుచు, నరసింహుడు అల్లుడు. ఈ చుట్టరికాన్ని అహోబిల మఠం కూడా తలకెత్తుకుంది. ఏడవ జీయరు సంస్కృతంలో రాసిన ‘వాసంతికా పరిణయం’ నాటకంలో నాయిక చెంచు పిల్లే. సినిమావాళ్లు ఇదే కథను 1943లో ఒకసారి, 1958లో మరోసారి తీశారు.

గుడిలో ఇంత దగ్గర చుట్టాలైనవాళ్లు ప్రభుత్వ పత్రాల్లో ఎక్కడ నిలబడ్డారో చూడటం ఈ వ్యాసం పని. నంద్యాల జిల్లా చెంచులకు భూమి మీద, అడవి మీద ఉన్న రక్షణ కృష్ణకు అవతలి గట్టున ఉన్న వాళ్ల చుట్టాలకు ఉన్నదానికంటే తక్కువ. దీనికి వాళ్ల బతుకుతీరులో కారణం వెతికితే దొరకదు. ఏ గట్టు ఏ దొరతనం కింద పడిందన్నదే కారణమని నా వాదన.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచులు 64,227 మంది. రాష్ట్రం విడిపోయాక ఇవతల 47,315 మంది, అవతల 16,912 మంది మిగిలారు. నల్లమలలో రెండు వైపులా వాళ్లుండే చోటు పేరు పెంటో, గూడెమో. చిగుర్ల, నిమ్మల, మండ్ల, ఉడతల, తోకల వంటి ఇంటిపేర్లు వాళ్లవి. తేనె, కుంకుడుకాయలు, ముష్టిగింజలు, జిగురు అమ్మి ఉప్పూ గింజలూ కొనుక్కోవడం రెండు గట్ల మీదా ఒక్కటే. ఆత్మకూరు వైపు బైర్లూటి, నాగలూటి గూడేలకూ అటు మన్ననూరు పైనున్న పెంటలకూ మధ్య ఉన్నవి అడవి, ఏరు మాత్రమే.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. కర్నూలు మాత్రం నవాబుల చేతిలో 1839 దాకా నడిచి, తర్వాత కంపెనీ పాలయింది. ఉత్తరాన అమ్రాబాదు పీఠభూమి నిజాం కిందే ఉండిపోయింది. అలా కృష్ణ సరిహద్దు అయింది. మద్రాసు పరిపాలన చెంచుల్ని ప్రధానంగా పోలీసు కంటితో చూసింది. నేరస్థ జాతుల చట్టం రద్దయ్యేదాకా ఆ చూపు చెక్కు చెదరలేదు. నిజాం వైపు 1940లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెండార్ఫ్ వచ్చి పెంటల్లో ఉండి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. నిజాం ప్రభుత్వం చెంచుల కోసం అడవిలో కొంత మేర ప్రత్యేకించింది కూడా. అయితే నిజాం దొరతనం దయగలదని దీన్ని చదువుకోవడం తొందరపాటు. ఒకవైపు నివేదిక రాసే మనిషి దొరికాడు, మరోవైపు దొరకలేదు, అంతే.

అసలు దెబ్బ 1950లో పడింది. రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింద ఆ ఏడాది వెలువడిన ఉత్తర్వులు రెండు. మద్రాసుకు సంబంధించినదాంట్లో పాత ఏజెన్సీ ప్రాంతాలు, అంటే విశాఖ, గోదావరి మన్యాలు చోటు చేసుకున్నాయి. కర్నూలు నల్లమల ఎన్నడూ ఏజెన్సీ కాదు, కాబట్టి దానికి చోటు లేదు. హైదరాబాదు ఉత్తర్వులో అచ్చంపేట తాలూకాలోని అమ్రాబాదు పీఠభూమి ఊళ్లు ఎక్కాయి. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1959 నాటి నిబంధన, దాన్ని గట్టిచేసిన 1/70 సవరణ, 1996 నాటి పెసా చట్టం అన్నీ షెడ్యూల్డు ప్రాంతానికే వర్తిస్తాయి. మన్ననూరు చెంచుకు అవి ఉన్నాయి, బైర్లూటి చెంచుకు లేవు.

ఇక్కడ ఒక చిక్కు. 1956 నుంచి 2014 దాకా రెండు గట్లూ ఒకే రాష్ట్రం. 1975లో చెంచుల్ని ఆదిమ గిరిజన తెగల పట్టికలో చేర్చారు. 1976లో శ్రీశైలంలో పెట్టిన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) రెండు వైపుల వాళ్లనూ చూసుకునేది. రాజ్యాల గీత యాభై ఎనిమిదేళ్లపాటు చెరిగిపోయి ఉంది. చట్టంలోని గీత మాత్రం చెరగలేదు. కర్నూలు చెంచుల మాటకొస్తే మద్రాసు పోయినా మద్రాసు జాబితా పోలేదన్నమాట. 2014లో సరిహద్దు తిరిగి కృష్ణ మీదికే వచ్చింది. పులుల అభయారణ్యం కూడా రెండైంది: ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు అమ్రాబాద్.

నది మీద గీత పడి ఒక జాతి రెండు ముక్కలైన కథ మధ్య ఆసియాలోనూ ఉంది. తాజిక్‌లకు పంజ్ నది అలాంటిదే. రష్యా, బ్రిటన్ సామ్రాజ్యాలు 1873లోనూ 1895లోనూ కుదుర్చుకున్న ఒప్పందాలతో ఆ నది హద్దయింది. ఉత్తరపు గట్టున 1929లో తాజిక్ సోవియట్ రిపబ్లిక్ ఏర్పడింది, దక్షిణపు గట్టువాళ్లు అఫ్ఘానిస్తాన్‌లో అల్పసంఖ్యాకులయ్యారు. ఒకే భాష అటు సిరిలిక్ లిపిలో, ఇటు అరబ్బీ లిపిలో నడుస్తోంది. చైనా తష్‌కుర్గాన్‌లో తాజిక్‌ల పేరుతో స్వయంపాలిత కౌంటీ 1954 నుంచి ఉంది, కానీ అక్కడివాళ్ల ఇంటి భాషలు సరికోలి, వాఖి. పోలికను ఇంతకంటే లాగకూడదు. అఫ్ఘాన్ తాజిక్‌లకు నగరాలున్నాయి, సాహిత్యం ఉంది, 1929లో కొన్ని నెలలపాటు కాబూల్ గద్దె మీద తమవాడైన హబీబుల్లా కలకానీ కూర్చున్నాడు. చెంచులకు ఎమ్మెల్యే టికెట్టు దొరకడమే గగనం. పోలిక పనికొచ్చేది ఒక్క విషయంలో: సామ్రాజ్యం గీసిన గీతను దాని వారసులు తమ సొంత గీతలాగే కాపాడుతున్నారు.

2006 అటవీ హక్కుల చట్టంలో చెంచులకు ఒక దారి ఉంది. ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఇవ్వవచ్చని సెక్షన్ 3(1)(ఇ) చెబుతుంది. ఒక్కో కుటుంబం దున్నుకునే చెక్కకు ఇచ్చే పట్టాకూ దీనికీ పోలిక లేదు. తెగ తిరిగే అడవి, తేనె తీసే కొండచరియలు, మొక్కే వేల్పుల తావులు అన్నీ కలిపి ఇచ్చే హక్కు ఇది. షెడ్యూల్డు ప్రాంతమా కాదా అన్న షరతు దీనికి లేదు గనుక నంద్యాల చెంచులకు ఇదే అన్నిటికంటే బలమైన ఆధారమని నేననుకుంటాను. చిక్కల్లా అమలులో ఉంది. ఆవాస హక్కు గుర్తించే బాధ్యత జిల్లాస్థాయి కమిటీది. చెంచుల ఆవాసమేమో ఒక జిల్లాలో ఇమిడేది కాదు. నంద్యాల కమిటీ కృష్ణ దగ్గర ఆగిపోతుంది, నాగర్‌కర్నూలు కమిటీ అవతలి గట్టు దాటి రాదు. రెండు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలు కలిసి ఒకే పటం గీసి, రెండు కమిటీల ముందూ అదే పటం పెట్టడానికి చట్టంలో అడ్డేమీ లేదు. అందులో అహోబిలం పావన నరసింహ క్షేత్రాన్ని, చెంచులక్ష్మి గుహను, శ్రీశైలం చుట్టూ ఉన్న పెంటలను చెంచులే గుర్తు పెట్టాలి.