రొట్టెలో కలిసిన గింజ

సావా నది క్రొయేషియాకూ బోస్నియాకూ హద్దుగా పారే మేర, స్లావోన్‌స్కీ బ్రోడ్ పట్నం చుట్టుపక్కల, గోధుమ పండే పల్లెలున్నాయి. ఒండ్రు నేల. నీటికి కరువు లేదు. కష్టపడితే కడుపు నిండే చోటు. ఆ పల్లెల్లో కొన్ని ఇళ్లలో మాత్రం నడివయసు దాటుతుండగా మనుషులు పాలిపోయేవారు. ఒళ్లు వాయదు, నొప్పి ఉండదు, రక్తపోటు కూడా మొదట్లో పెరగదు. నీరసం, రక్తహీనత, అరచేతుల్లో రాగి కలిసినట్టుండే పసుపు ఛాయ, అంతే. మూత్రం బాగానే వస్తుంటుంది కాబట్టి అనుమానం కిడ్నీల మీదికి పోదు. డాక్టరు దగ్గరికి చేరేసరికి రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి ఉండేవి. తండ్రి పోయిన కొన్నేళ్లకు కొడుకు, ఆ తర్వాత కోడలు. ఆ కోడలు వేరే ఊరి నుంచి, వేరే రక్తం నుంచి వచ్చిన మనిషి.

కూతవేటు దూరంలో ఉన్న పక్క ఊళ్లో ఎవరికీ ఏమీ ఉండేది కాదు. ఉక్రెయిన్ నుంచి వలస వచ్చి ఈ పల్లెల్లో స్థిరపడిన కుటుంబాలనూ ఒకటి రెండు దశాబ్దాలు గడిచాక ఇదే రోగం పట్టుకుంది. చిన్నతనంలోనే ఊరు విడిచిన వాళ్లు బతికిపోయారు. వంశానికి అంటిన శాపం అయితే ఊరు మారినంత మాత్రాన వదలదు కదా. అంటే శాపం మనుషులది కాదు, ఆ ఊళ్లదే.

1956లో బల్గేరియాలోని వ్రాత్సా ప్రాంతం నుంచి తాంచెవ్, మరుసటి ఏడు సెర్బియాలో లాజారెవాట్స్ దగ్గరి పల్లెల నుంచి దానిలోవిచ్ ఈ రోగం గురించి రాశారు. తర్వాత రొమేనియా, బోస్నియా, క్రొయేషియా వరసగా తేలాయి. డాన్యూబ్ నదిలో కలిసే ఉపనదుల వెంబడి ఊళ్లే అన్నీ. బాల్కన్ ఎండెమిక్ నెఫ్రోపతి అని పేరు పెట్టారు. పేరు దొరికింది గానీ కారణం దొరకలేదు. బావి నీళ్లలోకి దిగే లిగ్నైట్ బొగ్గు సారం అన్నారు, ధాన్యానికి పట్టే బూజులోని ఆక్రాటాక్సిన్ అన్నారు, లోహాలన్నారు, వైరస్ అన్నారు. ఒక్కో అనుమానం మీద ఒక్కో తరం పరిశోధకుల జీవితం ఖర్చయిపోయింది. ఈలోపు ఊళ్లలో శవయాత్రలు మాత్రం ఆగలేదు.

పల్లెలు కూలిన తీరు తెలియాలంటే కిడ్నీ లోపల ముందుగా కూలిన కణం కథ తెలియాలి.

మన రెండు కిడ్నీలూ రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. బయటికి వచ్చే మూత్రం లీటరున్నర. మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరాల్సిందే. అందులో మూడింట రెండు వంతులను వెనక్కి తెచ్చే బాధ్యత నాళికలోని మొదటి మెలికలది. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ అంటారు, సమీప నాళిక అనుకుందాం. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు దాదాపు మొత్తంగా అక్కడే ఒడిసిపట్టబడతాయి. ఆ నాళిక గోడలోని కణం పైభాగమంతా సన్నటి నూగు. పీల్చుకునే వైశాల్యం పెంచుకోవడానికి అది. కింది భాగం నిండా మైటోకాండ్రియాలు నిలువుగా పేర్చినట్టు ఉంటాయి. రాత్రీ పగలూ సోడియాన్ని బయటికి తోసే పంపులకు శక్తి కావాలి. ఆ శక్తిని ప్రధానంగా కొవ్వు ఆమ్లాలను కాల్చి సంపాదిస్తుంది. అందుకు ఆక్సిజన్ తప్పనిసరి. ఆక్సిజన్ అందనప్పుడు ఉత్త చక్కెరతో నెట్టుకొచ్చే నేర్పు దీనికి చాలా తక్కువ. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి బతుకు ఈ కణానిది. అందరికంటే ముందు లేస్తుంది, అందరి ఎంగిళ్లూ ఎత్తుతుంది, తనకంటూ దాచుకున్నది ఏమీ ఉండదు.

దీనికి ఇంకో పని కూడా ఉంది. వడపోతలో జారిపోని మందులను, వ్యర్థాలను, రకరకాల సేంద్రియ ఆమ్లాలను రక్తం వైపు నుంచి తానే లోపలికి లాక్కుని మూత్రంలోకి నెట్టేస్తుంది. పెన్సిలిన్ ఒంట్లోంచి అంత తొందరగా పోయేది ఈ దారినే. అలా లాక్కునే ద్వారాలకు ఓఏటీ1, ఓఏటీ3 అని పేర్లు. ఒంట్లోని చెత్తను తన గుండా పోనిచ్చి శుభ్రం చేసే ఔదార్యం ఆ ద్వారాలది. ఆ కణానికి చావు వచ్చింది కూడా ఆ ద్వారాల గుండానే.

ఆ పల్లెల గోధుమ చేలల్లో అరిస్టొలోకియా క్లెమటైటిస్ అనే కలుపు మొక్క పెరిగేది. హృదయాకారపు ఆకులు, బాకా లాంటి లేతపసుపు పూలు. కాయ ఎండేసరికి గోధుమ కూడా కోతకొస్తుంది. కొడవలి రెంటినీ కలిపే కోసేది. నూర్పిళ్లలో ఆ గింజలు గోధుమల్లో కలిసిపోయేవి, తిరగలిలో పిండయ్యేవి, పొయ్యిలో రొట్టెగా కాలేవి. ఏ ఇంటి చేనిలో కలుపు ఎక్కువ ఉంటే ఆ ఇంటి రొట్టెలో విషం అంత. పక్కపక్క ఊళ్లలో ఒకదానికి రోగం, ఒకదానికి క్షేమం ఎందుకో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

దీన్ని మొదట పట్టిచ్చినవి గుర్రాలు. ఆ కలుపు కలిసిన ఎండుగడ్డి మేసిన గుర్రాలకు కిడ్నీలు పాడవుతున్నాయని 1957లోనే ఒక పశువైద్య పత్రికలో వచ్చింది. 1969లో ఇవిచ్ అనే సెర్బియా వైద్యుడు చేలు తిరిగి చూసి, ఆ గింజలే పిండిలో చేరుతున్నాయని, రోగానికి మూలం అదేనని రాశాడు. జంతువుల మీద ప్రయోగాలూ చేసి చూపించాడు. ఎవరూ పట్టించుకోలేదు. స్థానిక భాషలో వచ్చిన వ్యాసం, రొట్టెలో విషం అనే మాట. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. సమాధానం ముందే వచ్చి గడపలో నిలబడితే ఎవరూ లోపలికి రమ్మనలేదు.

తలుపు తెరిపించింది బ్రస్సెల్స్. అక్కడ బరువు తగ్గించే ఒక క్లినిక్ 1990 నుంచి తన మందుల్లో చైనా మూలికలు కలపడం మొదలుపెట్టింది. 1992 నాటికి యాభై ఏళ్లలోపు ఆడవాళ్లు, అంతవరకు ఏ జబ్బూ లేనివాళ్లు, కిడ్నీలు పాడై ఆస్పత్రులకు రాసాగారు. వాన్‌హెర్‌వెగెమ్ బృందం 1993లో 'లాన్సెట్' పత్రికలో ఈ సంగతి బయటపెట్టింది. స్టెఫానియా అనే మూలిక రావాల్సిన చోట, చైనా భాషలో పేరు దగ్గరగా ఉన్న అరిస్టొలోకియా ఫాంగ్చి వచ్చి పడిందని తేలింది. బాధితుల సంఖ్య వంద దాటింది. పొలం దగ్గర దశాబ్దాలు పట్టిన వినాశం ఇక్కడ నెలల్లో, ఏడాది రెండేళ్లలో అయిపోయింది, మోతాదు ఎక్కువ కనుక. కిడ్నీ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే బాల్కన్ రైతు కిడ్నీకీ బ్రస్సెల్స్ మహిళ కిడ్నీకీ తేడా చెప్పడం కష్టం.

ఆ పోలిక పట్టుకుని అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్థర్ గ్రోల్‌మన్, జాగ్రెబ్ నుంచి బోయాన్ యెలాకోవిచ్ మళ్లీ సావా ఒడ్డు పల్లెలకు వెళ్లారు. రోగులను మొక్క గురించి అడిగితే, ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట తమ చేలల్లో అది విరివిగా ఉండేదని చెప్పారు. 2007లో ఆ రోగుల కిడ్నీల్లోని డీఎన్ఏలో అరిస్టొలోకిక్ ఆమ్లం అతుక్కున్న గుర్తులు ఉన్నాయని ప్రకటించారు.

ఆ అతుకు ఎలా పడుతుందో వింటే గుండె బరువెక్కుతుంది. అరిస్టొలోకిక్ ఆమ్లం రక్తంలో తిరుగుతూ నాళిక దగ్గరికి వస్తుంది. అదీ సేంద్రియ ఆమ్లమే కాబట్టి ఓఏటీ ద్వారాలు తమ ధర్మం ప్రకారం లోపలికి లాక్కుంటాయి. లోపల ఎన్‌క్యూఓ1 అనే ఎంజైము ఉంటుంది. దాని నిత్యకృత్యం కొన్ని విషాలను విరిచి నిర్వీర్యం చేయడం. ఈ ఆమ్లాన్ని కూడా అలాగే విరవబోతుంది. నైట్రో కొసను క్షయకరణం చేయగానే అంతవరకు మందకొడిగా ఉన్న అణువుకు కోరలు మొలుస్తాయి. అది నేరుగా డీఎన్ఏలోని అడెనిన్‌ను పట్టుకుని వదలదు. కణంలో డీఎన్ఏ మరమ్మతు పహరా నిత్యం తిరుగుతుంటుంది. మెలిక వంకరపోయిన చోట ఆగి సరిచేసే పహరా అది. ఈ అతుకు మెలికను పెద్దగా వంచదు. పహరా దాని పక్క నుంచే వెళ్లిపోతుంది. అందుకే ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట తిన్న రొట్టె గుర్తు నిన్నటి బయాప్సీలో కూడా కనిపిస్తుంది.

ఇక్కడి వరకు ఏ ద్వారమూ తప్పు చేయలేదు, ఏ ఎంజైమూ తప్పు చేయలేదు. అందరూ తమ పని తాము చేశారు. ఈ కణం బద్ధకస్తురాలై ఉంటే బతికేది.

మామూలుగా సమీప నాళిక కణానికి మళ్లీ లేచే విద్య తెలుసు. విరేచనాలతో ఒంట్లో నీరు పోయో, రక్తం కాసేపు అందకో కొన్ని కణాలు చస్తే, పక్కవి తమ నూగు రాల్చేసి, బల్లపరుపుగా సాగి, కిమ్-1 అనే ప్రొటీన్‌ను పైన మొలిపించుకుని చచ్చిన కణాల శకలాలను మింగేస్తాయి. తర్వాత విభజన చెంది గోడలోని ఖాళీ పూడుస్తాయి. కొన్ని వారాల్లో నాళిక మళ్లీ నాళికే. కానీ డీఎన్ఏ నిండా అతుకులున్న కణం విభజనకు సిద్ధమై, చివరి తనిఖీ దగ్గర ఆగిపోతుంది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. 2010లో బోస్టన్‌లో బోన్‌వెంత్రే బృందం చేసిన ప్రయోగాల్లో, ఎలుకలకు అరిస్టొలోకిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు కూడా, ఇలా జీ2/ఎం దశలో ఇరుక్కున్న కణాలే మచ్చకు మూలమని తేలింది. ఇరుక్కున్న కణం ఊరుకోదు. టీజీఎఫ్-బీటా, సీటీజీఎఫ్ లాంటి సంకేతాలను చుట్టూ చిమ్ముతూనే ఉంటుంది. గాయాన్ని పూడ్చడానికి సాయం రమ్మని పిలుపు అది. ఆ పిలుపు విని వచ్చిన మయోఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొలాజెన్ పోగులు అల్లుతాయి. గాయం మానితే పిలుపు ఆగుతుంది. ఇక్కడ గాయమూ మానదు, పిలుపూ ఆగదు. కొలాజెన్ పేరుకున్న కొద్దీ సన్నటి రక్తకేశనాళికలు నశిస్తాయి, వాటితో ఆక్సిజనూ పోతుంది. ఆక్సిజన్ లేక కొవ్వు కాల్చుకోలేని పక్క కణాల్లో ఆ కొవ్వు బొట్లుబొట్లుగా నిలవపడుతుంది. అవీ పడిపోతాయి. కిడ్నీ బయటి పొర నుంచి మొదలై మచ్చ లోపలికి దిగుతుంది. పెద్ద వాపు ఉండదు, తెల్లరక్తకణాల దండయాత్ర ఉండదు. అందుకే ఆ రైతులకు నొప్పి లేదు.

అంతటితో పోలేదు. మూత్రనాళపు లోపలి పొరలోనూ అవే అతుకులు. డీఎన్ఏ నకలు తీసే వేళ అతుకున్న అడెనిన్ ఎదుట తప్పు అక్షరం పడుతుంది, ఏ ఉండాల్సిన చోట టీ వస్తుంది. కణాన్ని అదుపులో పెట్టే పీ53 జన్యువులోనే ఆ తప్పు పడితే కేన్సర్. బ్రస్సెల్స్ రోగుల్లో 39 మంది పాడైన కిడ్నీలను, మూత్రనాళాలను ముందుజాగ్రత్తగా తీసేస్తే 18 మందిలో కేన్సర్ కనిపించిందని 2000లో వెల్లడైంది. కిడ్నీ మార్పిడితో ఒడ్డెక్కామనుకున్న వాళ్లకు అది రెండో పిడుగు.

బాల్కన్ పల్లెల్లో ఇప్పుడు కలుపు మందులొచ్చాయి, రొట్టె దుకాణాల్లో కొంటున్నారు. కొత్తగా డయాలిసిస్‌కు వచ్చేవాళ్ల వయసు ఏటికేడు పెరుగుతోంది. ఇవిచ్ రాసిన 1969కీ గ్రోల్‌మన్ నిరూపించిన 2007కీ మధ్య 38 ఏళ్లు. ఆ కాలంలో ఎన్నో ఏళ్లు పిండి మరల్లో ఆ గింజ నలుగుతూనే ఉంది.

ఈ మొక్కకు మన దగ్గర ఒక దాయాది ఉంది, ఈశ్వరి తీగ. పాము కాటుకని, విషానికి విరుగుడని పల్లెల్లో వాడతారు. అందులోనూ అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంది. నాటుమందుల్లో దాన్ని నూరిచ్చేవాళ్లతో ఈ మాట గట్టిగానే చెప్పాలి. అయితే దాన్ని తీసుకెళ్లి ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మోపడానికి ఆధారం లేదు. ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే మనుషుల్లోనూ వాపులేని, నొప్పిలేని ఇదే పతనం. బయాప్సీల్లో మొదట దెబ్బతిన్నట్టు కనిపించేది వడపోత గుత్తులు కాదు, నాళికలూ వాటి చుట్టూ కణజాలమే. నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, అన్నిటి మీదా అనుమానం ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అయినా అక్కడి వెతుకులాట బాల్కన్ వెతుకులాట కంటే కష్టం. అరిస్టొలోకిక్ ఆమ్లం డీఎన్ఏ మీద తన వేలిముద్ర వదిలిపోయే విషం. ఎండదెబ్బ అలాంటి ముద్ర వేయదు. రోగి ఆలస్యంగా వస్తే బయాప్సీ సూదికి దొరికేది మచ్చే. మచ్చ ఏ కారణంతో పడినా ఒకేలా ఉంటుంది. నాళిక కణాలు ఇంకా నిలబడి ఉన్నప్పుడే, అంటే మనిషి తనకే జబ్బూ లేదని పొలానికి పోతున్న రోజుల్లోనే, పరీక్ష చేసి చూడగలగాలి.