నవజాత శిశు విభాగంలో వైద్య విద్యార్థులు.. తొలి నిమిషమే తొలి పాఠం

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని నవజాత శిశు ఇంటెన్సివ్ కేర్ విభాగం చికిత్సా కేంద్రమే కాదు. ఎంబీబీఎస్ విద్యార్థులు, హౌస్‌సర్జన్లు, పీజీ వైద్యులు పని నేర్చుకునే చోటు కూడా. వీరిలో పలువురు అనంతరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విధులు చేపడతారు. అక్కడ వెంటిలేటరు ఉండదు, పిల్లల వైద్య నిపుణుడూ ఉండడు. యంత్రం లేనిచోట చేతులతో చేయవలసిన వైద్యం ఎంతవరకు వంటబట్టిందన్నదే ఈ శిక్షణకు అసలు పరీక్ష.

నమూనా నమోదు వ్యవస్థ 2020 గణాంకాల ప్రకారం దేశంలో సజీవంగా జన్మించిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 20 మంది 28 రోజులు నిండకుండానే కన్నుమూశారు. నెలలు నిండకముందే పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు ఇందుకు ప్రధాన కారణాలు. 2030 నాటికి ఈ సంఖ్యను పదిలోపునకు తేవాలని 2014 నాటి భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకుంది.

చేతులు కడిగాకే లోనికి..

విభాగంలో అడుగుపెట్టే విద్యార్థి ముందుగా నేర్చేది చేతుల శుభ్రత. గడియారం, ఉంగరాలు తీసివేసి మోచేతుల వరకు రెండు నిమిషాలు కడుక్కోవాలి. ఒక శిశువును తాకి మరో శిశువు వద్దకు వెళ్లే ప్రతిసారీ చేతులు శుద్ధి చేసుకోవాలి. నెలలు నిండని బిడ్డకు రోగ నిరోధక శక్తి స్వల్పం కావడమే ఈ కట్టుబాటుకు కారణం.

బొమ్మపై సాధన

నూరు మంది శిశువుల్లో దాదాపు 85 మంది పుట్టగానే వాటంతట అవే శ్వాస తీసుకుంటారు. మరో పదిమంది ఒళ్లు తుడిచి, వీపు రుద్దితే ఏడుస్తారు. మిగిలిన అయిదుగురికి సంచి, మాస్కు సాయంతో గాలి అందించాలి. అదీ తొలి నిమిషంలోనే మొదలుకావాలి. నిమిషానికి 40 నుంచి 60 సార్లు సంచి నొక్కాలి. ఛాతీ పైకి లేస్తోందో లేదో గమనించాలి. అయినా గుండె స్పందన నిమిషానికి 60 కంటే తక్కువగా ఉంటే మూడుసార్లు ఛాతీని నొక్కి ఒకసారి గాలి ఇవ్వాలి. ప్రాణాపాయంలో ఉన్న శిశువుపై ఈ విద్య కొత్తగా నేర్వడం తగదు కనుక నైపుణ్య ప్రయోగశాలలో ముందుగా బొమ్మలపై సాధన చేయిస్తారు.

దశాంశం తప్పితే ముప్పు

ఇక్కడ మందులు, ద్రవాలు అన్నీ బరువును బట్టే. ఉదాహరణకు 1,200 గ్రాముల శిశువుకు తొలిరోజు కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున 96 మిల్లీలీటర్ల ద్రవం అవసరం. అంటే గంటకు నాలుగు మిల్లీలీటర్లు; చిన్న చెంచాడు కూడా కాదు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. అందుకే లెక్కను మరొకరు సరిచూశాకే మందు ఎక్కించడం నియమం.

ఆక్సిజన్‌దీ అదే తీరు. అది మితిమీరితే నెలలు నిండని శిశువుల కంటిపొర దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉంది. ఎంత ఇవ్వాలన్నదే కాదు, ఎప్పుడు తగ్గించాలన్నదీ విద్యార్థి నేర్వాలి.

తల్లి గుండెలపైనే వెచ్చదనం

బరువు తక్కువ శిశువును తల్లి ఛాతీపై చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఆరంభమైంది. పుట్టిన వెంటనే దీనిని మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తల్లిని కూర్చోబెట్టి బిడ్డను సరిగా అమర్చడం, ముర్రుపాలు పట్టించడం కూడా శిక్షణలో భాగమే. కరెంటు లేని పల్లెలోనూ పనికొచ్చే వైద్యమిది.

సకాలంలో పంపడమూ వైద్యమే

పరిస్థితి చేయిదాటకముందే గుర్తించి పెద్దాసుపత్రికి పంపడం ఆరోగ్య కేంద్రం వైద్యుని బాధ్యత. 108 వాహనంలోనూ బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి, వెచ్చగా ఉంచి తరలించాలి. దారిలో ఒళ్లు చల్లబడితే అంతవరకు చేసిన వైద్యం వృథా కావచ్చు.

తల్లిదండ్రులు గమనించవలసినవి

శిశువు పాలు తాగడం మానివేసినా, ఒళ్లు చల్లబడినా లేక జ్వరం వచ్చినా, నిమిషానికి 60 లేదా అంతకుమించి శ్వాస తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా నాటువైద్యంతో కాలయాపన చేయరాదు. తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.