ఎవరి మీద నవ్వు?

అభిరుచి అనేది ఎవరికి వారిదేననీ, అందులోనూ హాస్యం విషయంలో వాదప్రతివాదాలకు తావే లేదనీ చాలామంది నమ్ముతారు. ఒకరికి నవ్వు వచ్చింది, మరొకరికి రాలేదు, అంతటితో సరి అంటారు. తిండి విషయంలో ఈ మాట కొంతవరకు చెల్లుతుందేమో. ఆవకాయ ఇష్టమా, పులస పులుసు ఇష్టమా అన్నదానికి చరిత్ర అక్కరలేదు. (నిజానికి దానికీ కావాలి, పులసను కొనగలిగేది ఎవరో ఆలోచిస్తే తెలుస్తుంది.) నవ్వు విషయంలో మాత్రం ఈ మాట బొత్తిగా చెల్లదు. ఒంటరిగా కూర్చుని నవ్వుకునేవాడు కూడా ఎవరో ఒకరి పక్షాన నిలబడి, మరెవరినో చూసి నవ్వుతాడు.

బ్రిటిష్ టెలివిజన్ హాస్యం గురించి రామచంద్రపురంలో కూర్చుని రాయడమేమిటని మిత్రులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మా కాలేజీ పిల్లలలో ‘మిస్టర్ బీన్’ చూడనివారు అరుదు; అందులో మాటలు దాదాపు లేవు గనక భాష అడ్డం రాదు. ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ని ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చిన మాస్టర్లలో ‘యెస్ మినిస్టర్’ అంటే చెవి కోసుకునేవాళ్ళున్నారు. నేనూ వారిలో ఒకణ్ణి. అయితే ఇంగ్లీషు హాస్యం గోదావరి డెల్టాకు ఫోన్లతో వచ్చింది కాదు.

పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలోనే రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు షేక్స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గానూ, షెరిడన్ ‘రైవల్స్’ను ‘కల్యాణ కల్పవల్లి’గానూ తెలుగు చేశారు. ఇవాళ వీటిని చదివేవారు తక్కువ. కారణం లేకపోలేదు: పాత్రలకు మన పేర్లు వచ్చాయి గాని వాటి తగాదాలు మన తగాదాలు కాలేదు. కాని అదే కలంతో ఆయన రాసిన ప్రహసనాల సంగతి వేరు. 1874లో ‘వివేకవర్ధని’, 1876లో ‘హాస్య సంజీవని’ ప్రారంభించి, పసిపిల్లను పెళ్ళాడబోయే ముసలివాణ్ణి ‘బ్రాహ్మ వివాహం’లోనూ, కక్షిదారుల ఇళ్ళు గుల్లచేసే వకీళ్ళను ‘వ్యవహార ధర్మబోధిని’లోనూ బజారుకీడ్చారు. అక్కడ అరువు తెచ్చుకున్నది పరికరం మాత్రమే. దెబ్బ తగిలింది ఊళ్ళో పెద్దమనుషులకు. ఆ పెద్దమనుషులు నవ్వలేదు, పంతులుగారి మీద పగబట్టారు. దెబ్బ సరిగ్గా తగిలిందనడానికి అంతకన్న రుజువు అక్కరలేదు.

ఇదే గీటురాయి పట్టుకుని బ్రిటిష్ టెలివిజన్ వైపు చూద్దాం.

1962లో బి.బి.సి.లో ‘స్టెప్టో అండ్ సన్’ వచ్చింది. రాసినవారు గాల్టన్, సింప్సన్ అనే జంట రచయితలు. గుర్రబ్బండి వేసుకుని పాత ఇనుము, చింకిగుడ్డలు పోగుచేసి అమ్ముకునే తండ్రీకొడుకుల కథ అది. కొడుకు చదువుకోవాలనీ, పైకి రావాలనీ చూస్తాడు. తండ్రి వదలడు, దరిద్రం అసలే వదలదు. అంతవరకు ఇంగ్లీషు వినోదంలో కూలివాడు కనిపిస్తే సాధారణంగా నౌకరుగానో, దొంగగానో కనిపించేవాడు. ఇక్కడ అతని ఇల్లే నాటకరంగమైంది. కొడుకు పాత్ర వేసిన హ్యారీ కార్బెట్, జోన్ లిటిల్‌వుడ్ నడిపిన ‘థియేటర్ వర్క్‌షాప్’ అనే వామపక్ష నాటక బృందంలో పనిచేసిన నటుడు. మనకు ఇది కొత్త కాదు. పాలకొల్లు అల్లు రామలింగయ్య వెండితెర కెక్కింది ప్రజానాట్యమండలి నిర్మాత డాక్టర్ గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’లో, 1953లో. రెండు దేశాలలోనూ వ్యాపార వినోద రంగం తన హాస్యనటులను ప్రజా నాటకరంగం నుంచి తీసుకున్నది. తీసుకున్న తరువాత వారి చేత ఏం చేయించిందన్నది వేరే కథ.

1964 అక్టోబరు 15న బ్రిటన్‌లో ఎన్నికలు. ఆ సాయంత్రం ఎనిమిది గంటలకు ‘స్టెప్టో’ ప్రసారం కావలసి ఉన్నది. పోలింగు తొమ్మిదింటిదాకా. పని ముగించుకుని ఇంటికి వచ్చిన కార్మికుడు టెలివిజన్ ముందు కూర్చుంటే ఇక ఓటుకు కదలడని లేబర్ నాయకుడు హెరాల్డ్ విల్సన్ బి.బి.సి. అధిపతితో మొర పెట్టుకున్నాడు. ప్రసారాన్ని తొమ్మిదింటికి జరిపారు. విల్సన్ నెగ్గాడు, మెజారిటీ నాలుగు స్థానాలు. ఒక పార్టీ తన వర్గం ఓట్ల కోసం హాస్యంతో పోటీ పడవలసి రావడం ముచ్చటగానే ఉన్నది. కాని పార్టీకీ కార్మికుడికీ మధ్య సంబంధం ఎంత పలచబడిందో కూడా అది చెబుతున్నది.

మరుసటి ఏడు మొదలైన ‘టిల్ డెత్ అస్ డూ పార్ట్’ ఇంకా చిక్కయినది. ఆల్ఫ్ గార్నెట్ లండన్ రేవు ప్రాంతపు కార్మికుడు. ఓటు మాత్రం టోరీలకు. నల్లవాళ్ళను, యూదులను, వలసవచ్చిన వాళ్ళందరినీ నోటికొచ్చినట్టు తిడతాడు. సృష్టికర్త జానీ స్పైట్ అదే ప్రాంతంలో రేవు కూలీ కొడుకుగా పుట్టినవాడు. పాత్రధారి వారెన్ మిచెల్ స్వయంగా యూదుడు. జాతి దురహంకారి ఎంత మూర్ఖుడో చూపించి నవ్వించాలన్నది వారి ఉద్దేశం. జనం నవ్వారు. కాని చాలామంది ఆల్ఫ్‌ను చూసి నవ్వలేదు, ఆల్ఫ్‌తో కలిసి నవ్వారు. మన మనసులో మాట ఇన్నాళ్ళకు టెలివిజన్‌లో ఎవడో చెప్పాడని సంబరపడ్డారు. 1968 ఏప్రిల్‌లో ఈనక్ పవెల్ వలసవచ్చిన వారికి వ్యతిరేకంగా విషం కక్కినప్పుడు అతనికి మద్దతుగా పార్లమెంటుకు ఊరేగింపుగా వెళ్ళినవారు లండన్ రేవు కార్మికులే. ఒక ధారావాహిక వల్ల అట్లా జరిగిందనడం తెలివితక్కువ. ధారావాహిక దాన్ని ఆపలేకపోయిందన్నది మాత్రం నిజం.

దీన్ని చదివి తెలుగు పాఠకుడు ఆశ్చర్యపోవలసిన పనిలేదు. మనకు గిరీశం ఉన్నాడు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రంగమెక్కిన నాటి నుంచి గిరీశం జనం నోళ్ళలో నానుతూనే ఉన్నాడు. ఇంగ్లీషు ముక్కలు గుప్పిస్తూ వితంతు బాలికను వంచించబోయిన మోసగాణ్ణి గురజాడ మన ముందు నిలబెట్టాడు. మనమో, అతని మాటలు కంఠతా పట్టి విందులలో వల్లిస్తున్నాం. 1955 సినిమాలో ఆ పాత్రకు రామారావును ఎన్నుకోవడంతోనే అతనికి కథానాయకత్వం దక్కింది. బుచ్చమ్మకు ఏమై ఉండేదని అడిగే ప్రేక్షకులు ఎంతమంది? వ్యంగ్య రచయిత ఉద్దేశం ఎంత మంచిదైనా సరే, నవ్వేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడన్నదే చివరకు లెక్కకు వస్తుంది.

‘మైండ్ యువర్ లాంగ్వేజ్’కు ఆ మంచి ఉద్దేశమైనా లేదు. 1977లో మొదలైంది. లండన్‌లో రాత్రిబడి, ఇంగ్లీషు నేర్చుకోవడానికి నానాదేశాలవారూ వస్తారు. సిక్కు రంజీత్ సింగ్, పాకిస్తానీ అలీ నదీమ్, ఊలు అల్లుకుంటూ కూర్చునే జమీలా. వారి భాష తప్పడమే హాస్యం. రెండేళ్ళకు దానికి వేరే సరుకు మిగలలేదు. రంజీత్ సింగ్‌గా వేసినది సింహళంలో పుట్టిన ఆల్బర్ట్ మోజెస్. సిక్కు ఎవరైతేనేం, గోధుమవన్నె చర్మం ఉంటే చాలునన్నది దొరల లెక్క. 1979లో ఆ కంపెనీ అధికారి మైకేల్ గ్రేడ్ ఇది జాతులను కించపరుస్తున్నదని ఆపించాడు. మనవాళ్ళు మాత్రం 1993లో దాన్నే దూరదర్శన్‌లో ‘జబాన్ సంభాల్‌కే’గా హిందీలో తీసి, ఈసారి హిందీ సరిగా రాని తమిళుణ్ణి కూర్చోబెట్టి నవ్వారు. దొర కుర్చీ ఖాళీ అయితే కూర్చోవడానికి మన దేశంలో మనుషుల కొరత ఎన్నడూ లేదు.

దీని పక్కన ‘బారిస్టర్ పార్వతీశం’ పెట్టి చూడాలి. సరుకు అదే: ఇంగ్లీషు మర్యాదలు తెలియని మొగల్తూరు కుర్రవాడు సీమకు బయలుదేరి అడుగడుగునా అభాసుపాలవుతాడు. ఆడవాళ్ళ టోపీ నెత్తిన పెట్టుకుని ఊరేగుతాడు. 1920లలో మొక్కపాటి నరసింహశాస్త్రి దాన్ని రాసేనాటికి మనం పాలితులం. దొరలు ఆ కుర్రవాణ్ణి చూసి ఎట్లాగూ నవ్వుతారు. కాని కథ చెబుతున్నది పార్వతీశమే. తన వెర్రిబాగులతనాన్ని తానే చెప్పుకునేవాడు, చెప్పే వేళకు దాన్ని దాటివచ్చినవాడు. అందువల్ల అతనితో పాటు మనం నవ్వినప్పుడు అతని మర్యాదకు లోటు రాదు. టోపీ అనే వస్తువు మీద, దాని చుట్టూ ఉన్న దొరతనం మీద కూడా నవ్వు కాస్త చిందుతుంది. రంజీత్ సింగ్‌కు కథ చెప్పే అవకాశమే లేదు. అతనిచేత చేతులు జోడించి వేయి క్షమాపణలు చెప్పిస్తారు, అంతే.

ఆ అవకాశాన్ని వలసవచ్చిన వారి బిడ్డలు చివరకు తామే తీసుకున్నారు. మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్, నీనా వాడియా, కుల్విందర్ ఘీర్ కలిసి 1996లో రేడియోలోనూ, 1998లో టెలివిజన్‌లోనూ ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ నడిపారు. అందులో బాగా పేరుకెక్కిన ఘట్టం: తాగిన మత్తులో కొందరు భారతీయులు బొంబాయిలో ‘ఇంగ్లీషు’ హోటలుకు వెళతారు. దొర వడ్డనగాడి పేరును వంకరగా పలుకుతారు. అన్నిటికన్న చప్పగా ఉండే వంటకం ఏదో చెప్పమంటారు. శుక్రవారం రాత్రి తాగి ‘ఇండియన్’ హోటళ్ళ మీద పడే తెల్లవాళ్ళ ప్రవర్తనలో ఒక్క చేష్ట కూడా మార్చకుండా మనుషులను మాత్రం అటుదిటు చేశారు. నాకు తెలిసిన బ్రిటిష్ హాస్యంలో ఇంతకు మించి ఖచ్చితమైన దెబ్బ లేదు. వీరేశలింగంగారు ఉంటే మెచ్చుకునేవారు.

ఇక ‘యెస్ మినిస్టర్’. 1980లో మొదలైంది. సర్ హంఫ్రీ అనే ఉన్నతోద్యోగి ఏ పనీ జరగకుండా చూడడంలో సిద్ధహస్తుడు. మంత్రి వట్టి బొమ్మ. తాలూకా ఆఫీసులో ఒక్క కాగితం కోసం తిరిగిన ఎవరికైనా అది ప్రాణం లేచివచ్చే సంభాషణ. 2001లో ‘జీ మంత్రీజీ’ పేర హిందీలోకీ వచ్చింది. కాని దీని అతిపెద్ద అభిమాని మార్గరెట్ థాచర్ అన్న సంగతి మరువరాదు. 1984 జనవరిలో ఆ నటులతో కలిసి చిన్న నాటిక కూడా ఆడింది. ఆర్థిక శాస్త్రజ్ఞులను రద్దు చేయమన్నది అందులోని హాస్యం. మార్చిలో గని కార్మికుల సమ్మె మొదలైంది. ఏడాదిపాటు ఆమె వారితో ఆడింది నాటిక కాదు. జంట రచయితలలో ఒకడైన ఆంటొనీ జేకు 1988లో సర్ బిరుదు దొరికింది. ప్రభుత్వం చేతకానిదని నవ్వుతూ ఒప్పుకున్న ప్రేక్షకుడికి, అయితే అమ్మేద్దాం అన్న మాట సహజంగా వినిపిస్తుంది. తహసీల్దారు మీద కోపంతో రేషను డిపో మూసేయమన్నట్టు. అయినా నేను దాన్ని చూడడం మానలేదు. ఆ రచన అంత బాగుంటుంది. బాగున్నదాన్ని ఎట్లా చూడాలో తెలియాలంటున్నాను గాని, చూడవద్దనడం లేదు.

మన టెలివిజన్‌లో 2001 నుంచి 2007 దాకా వచ్చిన ‘అమృతం’ నాకు ఇష్టం. హోటలు పెట్టుకుని, సులువుగా డబ్బు గడించే ఉపాయాలు వెతికి బోర్లాపడే మధ్యతరగతి మనుషులు తమ దురాశకు తామే నవ్వులపాలవుతారు. 1975 నాటి ‘ఫాల్టీ టవర్స్’ కూడా హోటలు కథే. జమీందారు దర్జాకోసం వెంపర్లాడే యజమాని అవస్థ చూసి కడుపుబ్బ నవ్వుతాం, స్పెయిన్ నుంచి వచ్చిన సర్వరు మాన్యుయేల్ నెత్తిన అతను కొట్టినప్పుడల్లా కొంచెం ఇబ్బందిపడతాం. ఈ ఊళ్ళో 1944లో పుట్టిన కవి ఇంద్రగంటి శ్రీకాంతశర్మ కుమారుడు మోహనకృష్ణ 2008లో ఆస్కార్ వైల్డ్ నాటకాన్ని ‘అష్టాచమ్మా’గా తీశాడు. వైల్డ్ నాటకంలో పేరు పిచ్చి పైతరగతి ఆడపిల్లలది. ఇక్కడ అది సినిమా హీరో పేరు మీద పిచ్చి అయింది. పంతులుగారి అనువాదాలకు చేతకాని పని నూరేళ్ళు దాటాక ఇట్లా జరిగింది.

2013లో మొదలైన ‘జబర్దస్త్’ను గురించి ఎక్కువ రాయను. చిన్న ఊళ్ళ కళాకారులకు అది అన్నం పెట్టింది, కాదనను. చీర కట్టిన మగవాణ్ణీ, నల్లవాణ్ణీ, లావుమనిషినీ పదేపదే చూపి నవ్వించడం మాత్రం హాస్యపు కరువునే చాటుతున్నది. అంతకన్న నన్ను బాధించేది యాస. తెలంగాణ మాట రౌడీకీ, నౌకరుకూ కేటాయించిన సినిమాను ఆ ప్రాంతం వారు ఉద్యమకాలంలో నిలదీశారు. మన ‘ఆయ్’నీ, ‘అండీ’నీ అదే పరిశ్రమ వెకిలి నవ్వుకు సరుకు చేసినప్పుడు మనం మురిసిపోయాం, మనల్ని పట్టించుకున్నారు గదా అని.

ఒకసారి నా తరగతిలో లంక గ్రామం నుంచి వచ్చిన పిల్లవాడు పాఠం మీద ప్రశ్న అడిగాడు. మంచి ప్రశ్న. కాని వాళ్ళ ఇంట్లో మాట్లాడుకునే తీరులో అడిగాడు. తరగతి గొల్లుమన్నది. నవ్వినవాళ్ళలో చాలామంది పక్క ఊళ్ళవాళ్ళే, ఇళ్ళల్లో అదే మాట. ఎవరో టెలివిజన్ నటుడి గొంతుతో అతని మాటను తిరిగి పలికారు. ఆ ఏడాది అతను మళ్ళీ ప్రశ్న అడగలేదు.

వచ్చే ఏడు ‘పార్వతీశం’ పాఠం చెప్పేటప్పుడు ముందుగా రంజీత్ సింగ్ ఉన్న భాగం ఒకటి చూపించి, తరువాత పుస్తకం తెరిపించాలనుకుంటున్నాను. చదివేది లంక పిల్లలు, వాళ్ళ యాసలోనే.