కోరుకొండ నాయకులు

కోరుకొండ నరసింహస్వామి గుట్టమీదికి నిట్టనిలువు రాతిమెట్లెక్కి, ఆయాసము తీర నిలిచి దిగువ పొలములను చూచువానికి, పదునాల్గవ శతాబ్దమున ముమ్మడి నాయకుడు ఈ స్థలమునే ఏల రాజధానిగా వరించెనో వేరుగ చెప్పనక్కరలేదు. గౌతమి కిరువైపులను అతడేలిన పానార, కోన మున్నగు సీమల పేర్లు 1353 నాటి శాసనమున నేటికిని నిలిచియున్నవి.

ముమ్మడివంటి నాయకులు తలయెత్తిన కాలమది. 1323లో ఓరుగల్లు కూలిన పిమ్మట ముసునూరి ప్రోలయ, కాపయల వెనుక ఒక్కటై ఢిల్లీ సేనలను వెడలగొట్టిన తెలుగు నాయకులు, రాజ్యము చేజిక్కగనే పరస్పరము కత్తులు దూసికొనిరి. ఇది తలచినప్పుడెల్ల నా మనస్సు కలతపడును. ఎవరిని తరిమెనో ఆ సుల్తానుల పేరునే సంస్కృతీకరించి కాపయ ‘ఆంధ్రసురత్రాణ’ బిరుదము దాల్చెను. ఆ బిరుదాక్షరములలోనే గర్వాంకురము నాకు గోచరించుచున్నది. 1368 ప్రాంతమున భీమవరము కడ అతనిని కూల్చినది ఢిల్లీ కాదు, తోటి తెలుగు నాయకుడైన రేచర్ల అనపోతానాయకుడు. కోరుకొండసీమయు అనతికాలమున రెడ్డిరాజుల వశమయ్యెను.