లైన్‌మన్ అవార్డు ఎందుకు ఆగిపోయింది?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ లైన్‌మన్‌ను, అంటే ముందు వరస ఆటగాణ్ణి, ఎంపిక చేసి యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ వార్తాసంస్థ ఇచ్చిన అవార్డు ఇప్పుడు లేదు. సంస్థ చితికిపోయింది, అవార్డూ పోయింది అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ అది సగం కథే.

తొలి ఘట్టాలు తెలిసినవే. ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ 1935లో మొదలై, ఎక్కువగా బంతి చేతబట్టేవాళ్లకే దక్కింది. ముందు వరసవాళ్ల కోసం 1946లో అవుట్‌లాండ్ ట్రోఫీ, 1950ల ఆరంభంలో ఈ అవార్డు వచ్చాయి.

అసలు కీలకం 1953–64 మధ్యకాలం. ఆటగాళ్లను ఇష్టమొచ్చినట్టు మార్చుకోకుండా 1953లో కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ ఆంక్షలు పెట్టింది. దాంతో తన జట్టు పరుగుకు దారి చేసినవాడే, బంతి చేతులు మారగానే ప్రత్యర్థి దారికి అడ్డుపడాల్సి వచ్చింది. చెయ్యి నేలకు ఆనించి వంగడం, బంతి కదలగానే లేచి ఎదుటివాణ్ణి నెట్టడం, రెండువైపులా అదే పని. అలాంటి రోజుల్లోనే, 1957లో, అయోవా విశ్వవిద్యాలయ లైన్‌మన్ అలెక్స్ కారస్ హైస్‌మన్ ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు. ఒక్కడి ఆటను పూర్తిగా చూసి తూచే వీలు అప్పుడుండేది.

1964లో ఆంక్షలు సడలాయి. లైన్‌మన్ పని దాడి (అఫెన్స్), రక్షణ (డిఫెన్స్) అని రెండుగా చీలింది. డిఫెన్స్‌వాడికి బంతి పట్టినవాణ్ణి పడగొట్టిన టాకిళ్లు, శాక్‌ల లెక్క ఉంటుంది. అఫెన్స్‌వాడికి చూపించుకోవడానికి అంకె ఉండదు. ఇద్దరినీ ఒకే తక్కెడలో వేయడం అప్పటినుంచీ అన్యాయమే. అవార్డు అర్థాన్ని మొదట హరించింది ఈ మార్పేనని నా వాదన.

అయితే అవుట్‌లాండ్ ట్రోఫీకీ ఇదే చిక్కున్నా అది బతికింది కదా అనవచ్చు. నిజమే. దాని వెనుక ఫుట్‌బాల్ రచయితల సంఘం ఉంది. 1970లో లైన్‌మన్ల కోసం వచ్చిన లొంబార్డీ అవార్డును హ్యూస్టన్ రోటరీ క్లబ్ మోసింది. 1985లో, మళ్లీ 1991లో దివాలా రక్షణ కోరిన వార్తాసంస్థకు ఆ ఓపిక ఎక్కడిది? 1990లు ముగిసేలోగా అవార్డు కనుమరుగైంది. దివాలా చివరి దెబ్బ మాత్రమే.

2015లో మొదలైన జో మూర్ అవార్డును అఫెన్స్ వరస మొత్తానికీ ఇస్తారు. డిఫెన్స్‌వాళ్లకు అందులో చోటు లేదు, ఒక్కడి ప్రతిభా విడిగా కనబడదు. అయినా కలిసి చేసే పనిని కలిపే గౌరవించడం మేలైన పద్ధతి. పాత అవార్డును మళ్లీ తేవాలనుకుంటే మాత్రం అఫెన్స్‌కొకటి, డిఫెన్స్‌కొకటిగా విడదీసే తేవాలి.