ఉప్పునీటి అక్వేరియం: వడపోత పరిణామం

పెద్ద తొట్టెకు మారేటప్పుడు వడపోతను ఎలా ఎంచుకోవాలి? దీనికి చరిత్రలో సమాధానం ఉంది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియం ప్రారంభమైంది. మొక్కలు, జంతువులు పరస్పరం నీటిని బాగుచేస్తాయన్నది ఆనాటి సమతుల్య సూత్రం. జీవుల సంఖ్య పెరిగితే ఆ సమతుల్యం దెబ్బతినేది. నీరు చెడి చేపలు చనిపోయేవి.

విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ పరిష్కారాన్ని గమనించండి. 1871లో ప్రారంభమైన లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో ఆయన తొట్టెల కింద, చీకటిలో పెద్ద జలాశయం ఏర్పాటుచేసి, ఆవిరి యంత్రంతో నడిచే పంపుల ద్వారా నీటిని నిరంతరం ప్రసరింపజేశారు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది బాక్టీరియా అని నిరూపించారు. కాబట్టి మీరు వడపోతను తొట్టె కొలతతోనే కాక, చేపల సంఖ్య, మేత పరిమాణాలను బట్టి కూడా నిర్ణయించాలి. నేటి అక్వేరియం కింద ఉండే సంపు, లాయిడ్ జలాశయాన్ని పోలినదే.