తుపానుకు పేరు పెట్టిన నావికుడు

గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతంలో, యానానికి చేరువగా, కోరంగి అనే ఊరున్నది. ఒకప్పుడది పేరు మోసిన రేవు. ఓడలు కట్టేవారూ, బాగు చేసేవారూ అక్కడ కాపురముండేవారు. 1789 డిసెంబరులో వచ్చిన గాలివానలో సముద్రం మూడుసార్లు లేచి ఆ ఊరి మీద పడింది. మొదటి కెరటం రేవులోని ఓడలను గట్టు మీదికి నెట్టివేసింది. రెండవది చుట్టుపట్ల పల్లపు భూములను నింపింది. మూడవది మిగిలినదానిని తుడిచిపెట్టింది. దాదాపు 20,000 మంది పోయారని ఆ వృత్తాంతం చెప్పుతుంది.

ఈ వృత్తాంతాన్ని వెదకి తీసి, తుపానుల శాస్త్రంలో ఒక నిదర్శనంగా నిలిపినవాడు హెన్రీ పిడింగ్టన్. ఇతడు 1797లో ఇంగ్లండులో పుట్టాడు. వర్తకపు ఓడలకు కెప్టెనుగా పనిచేసి, తరువాత కలకత్తాలో స్థిరపడ్డాడు. ప్రమాదానికి గురియైన ఓడలను గురించి విచారణ జరిపే న్యాయస్థానానికి అధ్యక్షుడుగా ఉండేవాడు. మునిగిన ఓడల కథలు వినడమే ఇతని ఉద్యోగం అనవచ్చు.

ఆ రోజుల్లో తుపాను అంటే ఒక దిక్కు నుండి బలంగా వీచే గాలి అనే చాలామంది తలంచేవారు. ఉత్తరపు గాలి ఆగి, కొంతసేపటికి దక్షిణపు గాలి కొడితే, ఒక తుపాను పోయి మరొకటి వచ్చిందనుకునేవారు. అమెరికాలో రెడ్‌ఫీల్డు అనే ఆయన 1821 తుపాను వెళ్లిన దారిలో నడచిపోతూ ఒక వింత చూశాడు. ఒక చోట చెట్లు వాయవ్యానికి తలలు పెట్టి పడి ఉన్నాయి. మరికొంత దూరంలో సరిగా దానికి ఎదురు దిక్కుకు పడి ఉన్నాయి. గాలి సుడి తిరిగితే తప్ప ఇట్లా జరగదు గదా! 1831లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. బార్బడోసు దీవిలో పనిచేసిన విలియం రీడ్ అనే ఇంజనీరు 1838లో దీని మీద పెద్ద గ్రంథమే వ్రాశాడు. అది చదివి పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానుల వైపు దృష్టి మళ్లించాడు.

అతని పద్ధతి చాలా సులభమైనది, చాలా విసుగు పుట్టించేది కూడా. ప్రతి ఓడలోనూ దినచర్య పుస్తకముంటుంది. గాలి ఏ దిక్కు నుండి వీచింది, భారమితిలో పాదరసం ఎంత దిగింది, ఓడ ఎక్కడ ఉన్నది అనే వివరాలను గంటల వారీగా అందులో వ్రాస్తారు. పిడింగ్టన్ ఈ పుస్తకాలను సేకరించి, ఒకే రోజున ఒకే వేళకు వేర్వేరు ఓడలకు తగిలిన గాలులను ఒకే పటం మీద బాణపు గుర్తులుగా వేశాడు. ఏ పుస్తకానికా పుస్తకం చదివితే అది ఒక ఓడవారి కష్టాల కథ. అన్నిటినీ కలిపి చూస్తే బాణాలు ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ కనబడేవి. తుపానులో సూర్యుడు కనబడడు కనుక ఓడ ఉన్న చోటును నావికులు అంచనా వేసి వ్రాసేవారు. ఆ తప్పులను సరిచూచుకుంటూ పోవడమే అసలు శ్రమ. 1839 మొదలుకొని ఇట్లాంటి పరిశీలనలను ఒకదాని తరువాత ఒకటిగా బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు.

అతనికి దొరికిన నిదర్శనాలలో విచిత్రమైనది చార్లెస్ హెడిల్ అనే ఓడ కథ. 1845 ఫిబ్రవరిలో మారిషస్ సమీపంలో ఈ ఓడ తుపానులో చిక్కింది. గాలికి ఎదురు నిలవలేక కెప్టెను గాలివాలునే పోనిచ్చాడు. ఐదు రోజులు అట్లా పరుగెత్తింది. ఆ ఓడ దినచర్య ప్రకారం పటం మీద గీత గీస్తే ఐదు చుట్లు వచ్చాయి! గానుగెద్దు తిరిగినట్లు ఓడ కేంద్రం చుట్టూ తిరిగిందన్నమాట. సుడిగాలి సిద్ధాంతానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

1848లో పిడింగ్టన్ నావికుల కోసం ఒక పుస్తకం వెలువరించాడు. దాని పేరును మన భాషలో 'నావికుల పెద్దబాలశిక్ష' అనవచ్చు. 'సైక్లోను' అనే మాటను అందులోనే ప్రవేశపెట్టాడు. పాము చుట్ట అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుండి దీనిని తయారుచేశాడు. పుస్తకంతో పాటు, సుడిగాలి బొమ్మ గీసిన పారదర్శకమైన కొమ్ము రేకులు ఇచ్చేవారు. రేకును సముద్ర పటం మీద పెట్టి జరుపుకుంటూ, తుపాను కేంద్రం ఏ దిక్కున ఉన్నదో కెప్టెను తెలుసుకోవచ్చు.

ఆ సూత్రాన్ని విద్యార్థులు కూడా సులభంగా గ్రహించవచ్చు. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. దక్షిణాన ముల్లు వెంబడే తిరుగుతుంది. బందరులో నిలబడి ఉన్నామనుకోండి. తూర్పు సముద్రంలో తుపాను ఉంటే మనకు తగిలేది ఉత్తరపు గాలి. ఆ గాలి క్రమంగా వాయవ్యానికి, పడమటికి మళ్లితే కేంద్రం మనకు ఉత్తరంగా దాటుతున్నదని అర్థం. ఈశాన్యానికి, తూర్పుకు మళ్లితే దక్షిణంగా దాటుతున్నది. ఈ రెండవదే మనకు ఎక్కువ భయంకరం, ఎందుకంటే ఆ గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. గాలి దిక్కు మారకుండా బలమే పెరుగుతూ ఉంటే కేంద్రం నేరుగా మన మీదికే వస్తున్నది.

గాలి సరిగా వలయంగా తిరగదు, కొంచెం లోపలికి మళ్లుతూ తిరుగుతుంది. ఈ విషయం తరువాతి వారి పరిశీలనలతో స్థిరపడింది. సూత్రాన్ని అంతమేరకు సవరించుకోవలసి వచ్చింది.

సూత్రం తెలియడం ఒక ఎత్తు, దానిని వినేవారుండడం మరొక ఎత్తు. కలకత్తాకు దక్షిణంగా మాట్లా నది మీద కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడికి ఉప్పెన వచ్చి తీరుతుందని 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరలుకు లేఖ వ్రాశాడు. ఎవరూ చెవిని పెట్టలేదు. అతడు 1858లో చనిపోయాడు. క్యానింగ్ రేవు లేచింది. 1867 నవంబరు తుపానులో సముద్రం రేవు మీదికి వచ్చింది. కొద్ది ఏండ్లలోనే దానిని విడిచిపెట్టారు.

అంతకుముందే, 1864 అక్టోబరు 5న కలకత్తా తుపానులో వేలకు వేలు మరణించారు. నెల తిరగకుండా నవంబరు 1న బందరు మీద ఉప్పెన పడి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. అప్పటికి పిడింగ్టన్ పుస్తకం అచ్చయి 16 ఏండ్లు. ఓడలో ఉన్న కెప్టెనుకు ఆ పుస్తకం దారి చూపగలదు గాని, పూరిపాకలో నిద్రపోయే మనిషిని వచ్చి లేపలేదు గదా. ఆ పని ఎవరిదీ కాదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. తుపాను లోపల గాలి గంటకు 150 కిలోమీటర్లు మించి వీచినా, మొత్తం తుపాను సాధారణంగా సైకిలు వేగంతోనే ముందుకు నడుస్తుంది. తంతి వార్త దానికంటె ఎన్నో రెట్లు త్వరగా పోతుంది. ఈ తేడాలోనే ముందు హెచ్చరికకు చోటున్నది. 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1864 తుపానును పరిశీలించిన ఇద్దరిలో ఒకడైన హెన్రీ బ్లాన్‌ఫోర్డు, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దానికి అధిపతి అయినాడు.

తరువాత ఓడలకు నిస్తంతి వచ్చింది, 1960 నుండి ఉపగ్రహాలు వచ్చాయి. సముద్రం మధ్యనున్న సుడి ఫొటోలో కనబడసాగింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. తుపాను వస్తున్నదని వాతావరణ శాఖకు తెలియకపోలేదు; ఊరూరికీ ఆ కబురు చేర్చి, జనాన్ని మెరకకు తరలించే ఏర్పాటే చాలలేదు. ఆ తరువాతనే తీరం వెంబడి తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి, బందరులో తుపానులను పసిగట్టే రాడారు నెలకొన్నది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కేంద్రం విశాఖపట్టణం మీదుగా దాటింది. రోజుల ముందే తీరపు పల్లెల వారిని పెద్ద సంఖ్యలో తరలించారు. ఉదయమంతా గాలి ఒక వైపు నుండి కొట్టింది. కేంద్రం వచ్చినప్పుడు కొంతసేపు నిమ్మళించింది. ఆ మీదట, పిడింగ్టన్ రేకు మీద గీసి ఉన్నట్లే, ఎదురు దిక్కు నుండి మొదలైంది.